ఆటస్థలమునందు ప్రథమ చికిత్స

మా పాఠశాల వార్షిక సంచికయందు ఆటలనుగూర్చి వ్రాయువారు గెలిచిన పందెములను, పొందిన బహుమానములను వరుసగా చెప్పుట వాడుక. ఈ సంవత్సరము మేమట్లు చేయక, మా వలన జరిగిన యొక తప్పును ముందుగా చెప్పి, దానినుండి నేర్చుకొన్న పాఠమును విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును, మాతోడి ఉపాధ్యాయులకును విన్నవింపదలచితిమి.

గడచిన సంవత్సరము వానలు వెనుకపట్టిన యొక సాయంకాలమున, కొత్తపేటయందలి మా మైదానములో తొమ్మిదవ తరగతివారికిని పదవ తరగతివారికిని ఫుట్‌బాల్ ఆట జరుగుచుండెను. మూలనుండి తన్నిన బంతి గోలు ముందఱికి రాగా, దానిని తలతో కొట్టవలెనని ఇద్దఱు బాలురు ఒక్కసారిగా ఎగిరిరి. రెండు తలలు తాకిన చప్పుడు గట్టుమీద కూర్చున్న మాకు వినబడెను. ఒకడు వెంటనే లేచి తల తడుముకొని నవ్వెను. రెండవవాడు కొన్ని క్షణములు కదలక పడియుండి, పిమ్మట కన్నులు తెఱచి కూర్చుండెను. మేము వాని మొగమున నీళ్లు చల్లితిమి, త్రాగుటకు నీరిచ్చితిమి, బాగున్నావా యని యడిగితిమి. "బాగానే ఉన్నాను సార్, ఆడుతాను" అని వాడు చెప్పెను. చుట్టునున్నవారు చప్పట్లు కొట్టిరి. వాడు మరల ఆటలో దిగి, బంతి కాలికి దొరకగానే తన పక్షపు గోలువైపునకే పరుగెత్తెను. పిల్లలందఱు నవ్విరి. మేమును నవ్వితిమి.

ఆ రాత్రి ఎనిమిది గంటలకు ఆ బాలుని తల్లి మాకు ఫోను చేసెను. పిల్లవాడు రెండుసార్లు వాంతి చేసికొనెననియు, ఆటలో ఎవరు గెలిచిరని ఇంటికి వచ్చినది మొదలు పదే పదే అడుగుచున్నాడనియు, జవాబు చెప్పినను మరల అదే ప్రశ్న వేయుచున్నాడనియు ఆమె భయపడుచు చెప్పెను. ఆసుపత్రిలో తలకు స్కాను తీసిరి. దేవుని కృపవలన లోపల రక్తము కారలేదు. కొన్ని వారములు ఆటకు దూరముగా నుండి ఆ బాలుడు స్వస్థుడయ్యెను. అయితే ఆ రాత్రి జరిగినదంతయు విని వైద్యుడు మమ్మడిగిన ప్రశ్న మాకింకను వినబడుచునే యున్నది. "తన గోలువైపుకే పరుగెత్తినప్పుడు మీరేం చేశారు?" మేము నవ్వితిమని చెప్పవలసివచ్చెను.

ఆ ప్రశ్నకు తగిన జవాబు చెప్పగలుగుటకై మేము ప్రథమ చికిత్స నేర్చుకొంటిమి. నేర్చుకొన్నదానిలో ముఖ్యమైనవి ఇచ్చట వ్రాయుచున్నాము.

ప్రథమ చికిత్స యనగా నేమి

ప్రథమ చికిత్స వైద్యము కాదు. వైద్యుడు వచ్చువఱకు ప్రాణము నిలుపుట, గాయము మఱింత పెరుగకుండ చూచుట, గాయపడినవాడు కోలుకొనుటకు దారి చేయుట, ఈ మూడే దాని పనులు. దీనికి గొప్ప చదువు అక్కఱలేదు. నిదానమును అభ్యాసమును కావలెను.

ఈ విద్య సామాన్యజనులలో వ్యాపించి నూటయేబది సంవత్సరములు కావచ్చినది. 1877వ సంవత్సరమున లండను నగరములో సెయింట్ జాన్ అంబులెన్సు సంఘము స్థాపింపబడెను. మఱుసటి సంవత్సరము పీటర్ షెపర్డ్ అను సైనిక వైద్యుడు వూలిచ్ పట్టణమున సామాన్య జనులకు ప్రథమ చికిత్స తరగతులు నడిపెను. ఇట్లు నేర్చినవారిని ఒక దళముగా కూర్చి, జనులు గుమిగూడు స్థలములయందు సేవకు నిలుపు ఏర్పాటు 1887లో జరిగెను. అప్పటినుండి ఆ దేశమున ఫుట్‌బాల్ ఆటలు జరుగుచోట్ల, జీతము లేని ఈ సేవకులు గీత వెలుపల సంచి పట్టుకొని కూర్చుండుట ఆచారమైనది. మన దేశమునందును సెయింట్ జాన్ అంబులెన్సు శాఖలును, 1920వ సంవత్సరపు చట్టమువలన ఏర్పడిన రెడ్‌క్రాసు సంఘమును ఈ శిక్షణ నిచ్చుచున్నవి.

జర్మనీ దేశమున కీల్ పట్టణపు శస్త్రవైద్యుడు ఎస్మార్కు, మూడు మూలల గుడ్డకట్టును లోకమునకు పరిచయము చేసినవాడు, లండనులోని ఈ తరగతులను చూచి తన దేశమునందును అట్టివి 1882లో ప్రారంభించెను. వానికి ఆయన పెట్టిన పేరు సమరయుల పాఠశాలలు. దారిలో దెబ్బలు తిని పడియున్న పరదేశిని చూచి ఆగి, గాయములు కట్టిన మంచి సమరయుని కథ మన పిల్లలందఱు ఎఱిగినదే. ఆ కథలో ముందుగా వెళ్లిన ఇద్దఱును చెడ్డవారని చెప్పబడలేదు. వారు ఆగలేదు, అంతే. ఆనాడు మైదానములో మా తప్పును అదియే. ఆటను ఆపవలసినచోట మేము ఆపలేదు.

ఆట నాపుట ఎందుకు కష్టము

దెబ్బతిన్నను ఆడువాని ధైర్యమును మెచ్చుకొనుట మనకు అలవాటు. హైదరాబాదునకు ఫుట్‌బాల్ ఆటలో గొప్ప చరిత్ర కలదు. హైదరాబాదు నగర పోలీసు జట్టు 1950 మొదలు 1954 వఱకు వరుసగా ఐదు సంవత్సరములు రోవర్స్ కప్పును గెలిచెను. ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం గారు మావలెనే బడిపంతులుగా నుండినవారు. వారి శిక్షణలో భారత జట్టు 1962 సెప్టెంబరు 4వ తేదీన జకార్తా నగరములో దక్షిణ కొరియాను 2-1 గోలులతో ఓడించి ఆసియా క్రీడల స్వర్ణపతకము గెలిచినది. ఆ జట్టులో జర్నెయిల్ సింగ్ అను రక్షకుడు అంతకుముందు ఆటలో తలకు గాయమై కుట్లు వేయించుకొనియుండెను. రహీం గారు వానిని ముందువరుసలో నిలుపగా, ఆ కట్టుతోనే ఆడి, తుది ఆటలో గోలు కొట్టెను.

ఈ కథను మేము తరగతిలో ఎన్నోసారులు చెప్పియున్నాము. విన్న బాలుర కన్నులు మెఱయుట చూచి సంతోషించితిమి. అయితే చెప్పవలసిన రెండవ సగమును చెప్పలేదు. చర్మము చీలిన గాయము కంటికి కనబడును. దానికి కుట్లు వేయవచ్చును. తలలోపల మెదడు అదరిన దెబ్బ కంటికి కనబడదు. దానినిగూర్చి ఆ కాలమున తెలిసినది బహు కొంచెము. నేడు తెలిసినది మిక్కిలి యెక్కువ. కాబట్టి ఆ వీరుని ధైర్యమును మెచ్చుకొందము గాని, తలకు దెబ్బ తగిలిన బాలుని మరల ఆటలోనికి పంపుటకు ఆ కథను సాక్ష్యముగా తేరాదు.

ఆ జట్టులోనే సికింద్రాబాదు దగ్గఱి అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం గారుండిరి. 1963లో ఊపిరితిత్తుల పొరకు సంబంధించిన వ్యాధి వచ్చినందున, ముప్పదియేండ్లు నిండకమునుపే వారు ఆట విడిచిరి. 2023లో మరణించువఱకు వారిని పిరికివాడని ఎవరును అనలేదు. శరీరము కూడదన్నప్పుడు గీత దాటి వెలుపలికి వచ్చుటయు ఆటలో భాగమే.

తలదెబ్బ

తోడుకొన్న పెరుగుకుండను ఒక్కసారి గట్టిగా కుదిపినచో కుండకు బీట పడదు గాని లోపలి పెరుగు చెదరును. తలదెబ్బయు నట్టిదే. పైన గాయము లేకపోవచ్చును, స్పృహ తప్పకపోవచ్చును, అయినను లోపల మెదడు అదరవచ్చును. పడినవాడు వెంటనే లేవకుండుట, లేచి తూలుట, శూన్యముగా చూచుట, ప్రశ్నకు ఆలస్యముగా జవాబు చెప్పుట, తలనొప్పి, కన్నులు మసకలగుట, వెలుతురు ఓర్వలేకుండుట, కారణము లేక కోపించుట లేక ఏడ్చుట, ఇవి గుఱుతులు. తన గోలువైపునకే పరుగెత్తుటయు గుఱుతే.

అనుమానము కలిగినపుడు కొన్ని సులభమైన ప్రశ్నలడుగవలెను. మనమిప్పుడు ఏ మైదానములో నున్నాము? ఇది మొదటి సగమా, రెండవ సగమా? కడపటి గోలు ఎవరు కొట్టిరి? కడచిన ఆటలో మనము గెలిచితిమా? ఒక్కదానికైనను తప్పు జవాబు వచ్చినచో అనుమానము తీరినట్లే. అన్నింటికిని సరియైన జవాబులు చెప్పినను, పై గుఱుతులలో ఏదైనను ఉన్నయెడల వెలుపలికి తీసికొనిరావలెను. "బాగున్నావా?" యని మాత్రము అడుగరాదు. ఆడవలెనని కోరు బాలుడు ఆ ప్రశ్నకు ఒకే జవాబు చెప్పును.

అట్టివాడు ఆ దినము మరల ఆడరాదు. ఒంటరిగా ఇంటికి పోరాదు, సైకిలు తొక్కరాదు. తల్లిదండ్రులకు సంగతి తెలుపవలెను. వాంతులు, పెరుగుచున్న తలనొప్పి, మగత, మూర్ఛ, ఒకటి రెండుగా కనబడుట, కాలుసేతులు తిమ్మిరెక్కుట లేక బలహీనమగుట, మెడనొప్పి, వీనిలో ఏదైనను కనబడినచో ఆలస్యము చేయక ఆసుపత్రికి చేర్చవలెను. మెడకు దెబ్బ తగిలినదని తోచినపుడు వానిని లేపి కూర్చుండబెట్టరాదు. తలను రెండు చేతులతో కదలకుండ పట్టుకొని సహాయము వచ్చువఱకు నిలువవలెను. కోలుకొన్న తరువాతను ఆటకు ఒక్కసారిగా పోక, వైద్యుని సెలవుపొంది మెట్టుమెట్టుగా పోవలెను.

ఫుట్‌బాల్ నిబంధనలను నిర్ణయించు అంతర్జాతీయ మండలి 2021లో పరీక్షగా మొదలుపెట్టి, 2024లో నిబంధనలయందే చేర్చిన దేమనగా, పోటీ నడుపువారు ఒప్పుకొన్నచో తలదెబ్బ తగిలినవానికి బదులుగా అదనపు ఆటగానిని దింపవచ్చును. జట్టునకు నష్టము కలుగునను భయముచేత బాలుని ఆడించు అలవాటు తొలగుటకే ఈ నిబంధన.

హృదయము నిలిచినప్పుడు

2004 డిసెంబరు 5వ తేదీన బెంగుళూరు నగరములో ఫెడరేషన్ కప్పు తుది ఆట జరిగెను. డెంపో జట్టు తరపున ఆడుచున్న క్రిస్టియానో జూనియర్ అను బ్రెజిలు దేశస్థుడు తన రెండవ గోలు కొట్టుచు గోల్‌కీపరును ఢీకొని పడెను. మరల లేవలేదు. అప్పటికి ఆయన వయస్సు ఇరువదియైదేండ్లు.

2021 జూన్ 12వ తేదీన కోపెన్‌హేగన్ నగరములో డెన్మార్కునకును ఫిన్లాండునకును జరిగిన ఆటలో క్రిస్టియన్ ఎరిక్సన్ అను ఆటగాడు ఎవరును తాకకయే కుప్పకూలెను. అతని హృదయము నిలిచెను. అతని జట్టువారు వెంటనే సహాయమునకు పిలిచిరి. వైద్యులు పరుగున వచ్చి ఱొమ్ము నొక్కిరి. హృదయమునకు విద్యుత్తు తాకించు డిఫిబ్రిలేటరు అను యంత్రమును ప్రయోగించిరి. జట్టువారు చుట్టును గోడవలె నిలిచి, వేలకొలది కన్నులనుండి అతనిని మఱుగుపఱచిరి. అతడు బ్రతికెను, మఱుసటి సంవత్సరము ప్రపంచ కప్పులో తన దేశము తరపున ఆడెను.

హృదయము నిలిచినవానికి ఎట్టి సహాయమును అందనిచో, గడచు ఒక్కొక్క నిమేషమునకు బ్రతుకు ఆశ నూటికి ఏడు మొదలు పది పాళ్లు తగ్గునని వైద్యులు చెప్పుదురు. అంబులెన్సు ఎంత వేగముగా వచ్చినను ఆ మొదటి నిమేషములు చేరువనున్నవారి చేతిలోనివే. ఎవరును తాకకయే ఆటగాడు పడిపోయినచో హృదయమునే ముందుగా అనుమానింపవలెను. భుజము తట్టి పిలువవలెను. పలుకక, సరిగా ఊపిరి తీయనిచో, ఒకనిని 108కు ఫోను చేయుమనియు, ఒకనిని యంత్రమున్నచో తెమ్మనియు పేరు పెట్టి చెప్పవలెను. "ఎవరైనా చేయండి" యన్నచో ఎవరును చేయరు. అప్పుడప్పుడు ఎగఱొప్పుట ఊపిరి కాదని తెలిసికొనవలెను.

పిమ్మట ఱొమ్ము నడుమ ఒక అరచేతి మడమ నుంచి, దానిపై రెండవ చేయి వేసి, మోచేతులు వంచక, పెద్దవానికైనచో ఐదు మొదలు ఆఱు సెంటీమీటర్ల లోతునకు, నిమేషమునకు నూఱు మొదలు నూట ఇరువది సారుల చొప్పున నొక్కవలెను. ప్రతి నొక్కునకును ఱొమ్ము పూర్తిగా పైకి రానియ్యవలెను. రెండు నిమేషములకొకసారి మనిషి మాఱవలెను, అలసినచేయి లోతుగా నొక్కలేదు గనుక. శిక్షణ పొందినవారు ముప్పది నొక్కులకు రెండు ఊపిరులు చొప్పున ఇత్తురు. పొందనివారు నొక్కుట మాత్రమే మానక చేయవలెను. డిఫిబ్రిలేటరు తానే మాటలతో దారి చూపును. అవసరము లేనిచో విద్యుత్తు తాకింపదు. కావున దానికి భయపడనక్కఱలేదు. అయితే ఇది కాగితముపై చదివి నేర్చుకొను విద్య కాదు. శిక్షణకు వాడు బొమ్మపై మోకాళ్లూని నొక్కి చూచినప్పుడు గాని అందలి శ్రమ తెలియదు. మేము రెండు నిమేషములకే చెమటలు క్రక్కితిమి.

మూర్ఛ వచ్చినవాని చేతిలో తాళపుచెవి పెట్టుట, ఉల్లిపాయ వాసన చూపుట, పండ్ల నడుమ చెంచా పెట్టుట మన ఇండ్లలో నిప్పటికిని కలదు. ఇవి పనికిరావు. పండ్ల నడుమ పెట్టినది కీడే చేయును. చుట్టునున్న గట్టి వస్తువులను తొలగించి, తలక్రింద మెత్తని గుడ్డ పెట్టి, కొట్టుకొనుట ఆగగానే ప్రక్కకు ఒత్తిగిలజేయవలెను. ఐదు నిమేషములు దాటినను ఆగనిచో 108కు ఫోను చేయవలెను.

చిన్న దెబ్బలు, పెద్ద పొరపాట్లు

రక్తము కారుచున్నచోట కాఫీపొడియు పసుపును అద్దవద్దు. శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టుకొనవలెను. మాటిమాటికి తీసి చూడరాదు. అదుమువాడు చేతికి తొడుగులు వేసికొనవలెను. రక్తము కారుచున్న ఆటగాడు గీత వెలుపలికి రావలెననియు, రక్తము ఆగినదని చూచిన పిమ్మటనే మరల దిగవలెననియు ఆట నిబంధనయే కలదు. ముక్కునుండి రక్తము వచ్చినచో తల వెనుకకు వాల్పరాదు. ముందునకు వంచి, ముక్కు మెత్తని భాగమును పది నిమేషములు పట్టుకొని నోటితో ఊపిరి తీయుమనవలెను. దెబ్బకు పెద్దపన్ను ఊడివచ్చినచో వేరును తాకక పట్టుకొని, పాలలో వేసి, వెంటనే దంతవైద్యునియొద్దకు పంపవలెను.

కాలు బెణికినచో రుద్దరాదు, మర్దనము చేయరాదు. మంచుముక్కలను గుడ్డలో చుట్టి పదునైదు ఇరువది నిమేషములుంచి, కట్టు కట్టి, కాలు ఎత్తుగా పెట్టవలెను. ఎముక విఱిగినదని తోచినచో లాగి సరిచేయుటకు ప్రయత్నింపరాదు. పుత్తూరు కట్టునుగూర్చి వినని తెలుగువారుండరు. తరువాత ఎచ్చట కట్టించుకొనవలెనన్నది పెద్దల యిష్టము. మైదానములో చేయవలసినది మాత్రమొక్కటే. ఉన్నదానిని ఉన్నట్లే కదలకుండ బద్దలతో కట్టి, ఆసుపత్రికి పంపుట. శస్త్రము అవసరము కావచ్చును గనుక అన్నపానీయములు పెట్టరాదు.

మన వేసవిని మఱువరాదు. ఏప్రిల్, మే మాసములలో మధ్యాహ్నపు ఆటలు పెట్టకుండుటయే మొదటి చికిత్స. ఒడలు కాలిపోవుచు, మాట తడబడుచున్నవానికి వడదెబ్బ తగిలినదని యెఱిగి, నీడకు చేర్చి, ఒడలంతయు నీటితో తడిపి విసరవలెను. 108కు ఫోను చేయవలెను. స్పృహ సరిగా లేనివాని నోటిలో నీరు పోయరాదు.

చూడవచ్చినవారు

ఆటగాండ్రు ఇరువదియిద్దఱే, చూచువారు వందలు, వేలు. 1980 ఆగస్టు 16వ తేదీన కలకత్తా ఈడెన్ గార్డెన్సులో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ జట్ల ఆటనాడు ప్రేక్షకులలో కలహము పుట్టి, త్రొక్కిసలాటలో 16 మంది ప్రాణములు విడిచిరి. ఇంటినుండి ఆట చూడ వెళ్లి తిరిగి రానివారు వారు. వారి జ్ఞాపకార్థము ప్రతి సంవత్సరము ఆ దినమున అచ్చట రక్తదానము జరుగుచున్నది. చనిపోయినవారిని తలచుకొనుటకు అంతకంటె మంచి మార్గము మాకు తోచదు.

కాబట్టి సేవకుల కన్ను బంతిపై గాక, ఆడువారిపైనను చూచువారిపైనను ఉండవలెను. మా చిన్న మైదానములోను ప్రహరీగోడమీద పిల్లలు వరుసగా కూర్చుండుట చూచియు ఊరకుంటిమి. ఇప్పుడు అట్లు కూర్చుండనిచ్చుట లేదు. ఆట జరుగునంతసేపు రెండు ద్వారములకును తాళములు వేయుట లేదు.

ఆటకు ముందు చేయవలసినది

మా కొత్తపేట విజయవాడ రహదారినానుకొని యున్నది. సాయంకాలము దిల్‌సుఖ్‌నగరునుండి ఎల్.బి. నగరువఱకు బండ్ల రద్దీ మిక్కుటము. 2018 సెప్టెంబరు 24వ తేదీన ఎల్.బి. నగరువఱకు మెట్రో రైలు వచ్చిన తరువాత, జనులు ఆ స్తంభముల అంకెలతోనే దారి చెప్పుచున్నారు. ఇది మాకు మేలే. 108 అంబులెన్సు సేవ 2005 ఆగస్టు 15వ తేదీన మన హైదరాబాదునందే మొదలైనది. దానికి ఫోను చేయువాడు తడబడక చెప్పవలసిన మాటలను మేమొక అట్టపై వ్రాసి గోలు వెనుక వ్రేలాడదీసితిమి: మైదానము పేరు, వీధి, దగ్గఱి మెట్రో స్తంభపు అంకె, ఏ ద్వారమునకు రావలెను, ఎందఱికి దెబ్బ తగిలినది, ఊపిరి ఉన్నదా లేదా. అవతలివారు పెట్టుమనువఱకు ఫోను పెట్టరాదు.

కొత్తపేట పండ్ల మార్కెట్టు ఉన్న స్థలమున పెద్ద ఆసుపత్రికి 2022 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగినది. అది సంతోషకరమైన సంగతియే. అయితే ఆసుపత్రి ప్రక్కవీధిలో నున్నను మొదటి ఐదు నిమేషములు మనవే.

మేము ఏర్పఱచిన సేవాదళమున బాలురును బాలికలును ఉన్నారు. ప్రతి ఆటకును నలుగురు నిలుతురు. ఒకరు గాయపడినవానిని చూతురు. ఒకరు సంచి అందింతురు. ఒకరు ఫోను చేయుదురు. ఒకరు ద్వారమునొద్ద నిలిచి అంబులెన్సునకు దారి చూపుదురు. ఆట మొదలుకాకమునుపే వారు రిఫరీని కలిసికొని, ఆయన సైగ చేసిన పిమ్మటనే గీత లోపలికి పోవుదురు. సంచిలో చేతితొడుగులు, మూడు మూలల గుడ్డలు, చుట్టు పట్టీలు, శుభ్రమైన గుడ్డముక్కలు, కత్తెర, బద్దలు, ఓ.ఆర్.ఎస్. పొట్లములు, పిల్లల తల్లిదండ్రుల ఫోను అంకెలు వ్రాసిన పుస్తకము ఉండును. మంచుపెట్టె వేఱుగా నుండును. సంచిపై ఎఱ్ఱ సిలువ వేయలేదు. ఆ గుఱుతును ఎవరు వాడవచ్చునో 1960వ సంవత్సరపు జెనీవా ఒప్పందముల చట్టము నిర్ణయించినది. పచ్చని నేలపై తెల్లని సిలువయే ప్రథమ చికిత్సకు గుఱుతు. మా బాలికలు దానినే కుట్టిరి.

అన్నిటికంటె ముఖ్యమైన నియమము ఇంకొకటి కలదు. సేవకుడు "కూర్చో" అని చెప్పినచో ఆటగాడు కూర్చుండవలెను. కెప్టెనుగాని, శిక్షకుడుగాని, చూడవచ్చిన తండ్రిగాని, మేముగాని ఆ మాటను కాదనరాదు. ఈ నియమమును కాగితముపై వ్రాసి మేమందఱము సంతకములు చేసితిమి. పద్నాలుగేండ్ల పిల్లవాడు పెద్దల కోపమునకు ఎదురు నిలువవలెనన్న, పెద్దలు ముందుగానే తలవంచియుండవలెను.

తల్లిదండ్రులకు మా విన్నపము రెండు మాటలు. మీ బిడ్డకు మూర్ఛగాని, ఉబ్బసముగాని, గుండెజబ్బుగాని ఉన్నయెడల దాచక మాకు తెలుపుడు. మఱియు, మీ బిడ్డ ఆటమధ్య వెలుపల కూర్చుండబెట్టబడినపుడు గట్టుమీదనుండి "లేచి ఆడరా" అని కేకలు వేయకుడు.

ఈ సంవత్సరము జరిగిన యొక పోటీలో, ఇంక పది నిమేషములున్నదనగా మా కెప్టెను తలకు ఎదుటివాని మోకాలు తగిలెను. గీతయొద్ద సంచితో కూర్చుండినవాడు ఎవరనగా, ఈ వ్యాసము మొదట చెప్పిన బాలుడే. వాడు రిఫరీ సైగ చేయగానే పోయి, మోకాళ్లూని, కడపటి గోలు ఎవరు కొట్టిరని అడిగెను. కెప్టెను ఆలోచించెను గాని చెప్పలేకపోయెను. "కూర్చో అన్నా" అని వాడు చేయి పట్టుకొని వెలుపలికి తీసికొనివచ్చెను. గట్టుమీదనుండి కొన్ని కేకలు వినబడెను. వాడు తిరిగి చూడలేదు.

ఆ ఆటలో మేము ఒక గోలుతో ఓడితిమి. అందుచేతనే ఈ సంచికలోని బహుమానముల పట్టికయందు మా ఫుట్‌బాల్ జట్టు పేరు కనబడదు. కెప్టెను మూడు వారముల తరువాత వైద్యుని సెలవుతో మరల ఆడుచున్నాడు.